బెల్టు తెగేదాకా ఆగాలా, గడువు పెట్టుకుని మార్చాలా?

పాత లేతు: మా షాపులో లేతు (లోహాన్ని తిప్పుతూ చెక్కే మిషను), డ్రిల్లింగ్ మిషను, కంప్రెసరు మూడూ వి-బెల్టుల మీదే, అంటే V ఆకారపు గాడిలో కూర్చునే బెల్టుల మీదే నడుస్తాయి. మూడేళ్లు దాటితే ఎలా ఉన్నా మార్చేయాలని మెయింటెనెన్స్ అతను పట్టుబడుతున్నాడు. శుభ్రంగా తిరుగుతున్నదాన్ని తీసేయడానికి నాకు మనసొప్పడం లేదు. మీరేం చేస్తారు?

స్పిండిల్: తేదీ చూసి మార్చడం దండగ. రోజంతా తిరిగే కంప్రెసరుకీ, ఎప్పుడో ఓసారి తిప్పే డ్రిల్లింగ్ మిషనుకీ ఒకే గడువేంటండీ? బెల్టు వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి పడిపోతుందని ఈ రంగంలో వాడుకలో ఉన్న లెక్క. క్యాలెండరుకి ఆ వేడి తెలియదు కదా.

మోటారు బేస్: గడువంటూ లేకపోతే గార్డు (బెల్టు మీది రక్షణ మూత) విప్పి చూసేదెవరు? పైగా తిరగని బెల్టూ పాడవుతుంది. నెలల తరబడి పుల్లీ (బెల్టు తిరిగే గాడి చక్రం) మీద ఒకే వంపులో ఉంటే ఆ వంపు అలాగే ఉండిపోతుంది. దాని అదురుకి లేతులో ఫినిషింగ్ కట్ (నునుపు కోసం వేసే చివరి కోత) మీద అలలు కనిపిస్తాయి. పగుల్లేదు, తెగలేదు, అయినా పనికిరాదు.

స్పిండిల్: కాసేపు నడిపితే వేడెక్కి చాలావరకు సర్దుకుంటుంది. అప్పటికీ పోకపోతే మార్చండి.

గాడి: ఇద్దరూ బెల్టునే చూస్తున్నారు, పుల్లీని కూడా చూడండి. వి-బెల్టుకి పట్టు పక్కల్లో ఉంటుంది, అడుగున కాదు. కొత్తది పుల్లీ అంచుకి దాదాపు సమంగా కూర్చుంటుంది, అరిగేకొద్దీ లోపలికి దిగుతుంది. గాడి అడుగు అద్దంలా మెరుస్తోందంటే బెల్టు అక్కడ ఆనుతోందన్నమాట. ఇక ఎంత బిగించినా జారుతుంది, బేరింగులు పోవడం తప్ప లాభం లేదు. గాడి గోడకి స్టీలు స్కేలు అంచు ఆనించి వెనక నుంచి లైటు వేయండి. గోడ అరిగి పడ్డ గుంట 0.8 మి.మీ. దాటితే పుల్లీయే మార్చాలి, లేకపోతే కొత్త బెల్టు కూడా త్వరగానే పోతుంది.

బెల్టు అడుగు వైపు సన్నని అడ్డపగుళ్లకి కంగారు అక్కర్లేదు. పగులు లోపలి తాళ్లదాకా దిగినా, అంచున దారాలు లేచినా, నూనె పీల్చి ఉబ్బినా మాత్రం ఆ రోజే తీసేయండి.

పాత లేతు: కంప్రెసరు మీద మూడు బెల్టులున్నాయి, ఒకటే పాడైంది. దాన్నొక్కదాన్నే మారిస్తే?

గాడి: వద్దండి, మూడూ మార్చండి. పాతవి సాగి ఉంటాయి కాబట్టి భారమంతా కొత్తదాని మీదే పడుతుంది. స్క్రూడ్రైవరుతో తన్ని ఎక్కించొద్దు, లోపల తాళ్లు తెగినా బయటికి తెలియదు. మోటారుని జరిపి వదులు చేసుకుని వేయండి. ఒక రోజు నడిచాక బిగువు మళ్లీ చూడండి, కొత్త బెల్టు తప్పకుండా కాస్త వదులవుతుంది.

మోటారు బేస్: కొన్ని లేతుల్లో స్పిండిల్ (పనిముక్కని తిప్పే ఇరుసు) ఊడదీస్తేగానీ బెల్టు ఎక్కదు. బేరింగుల కోసం ఎలాగూ విప్పినప్పుడు, పాతది బాగున్నా నేను కొత్తదే వేస్తాను.

స్పిండిల్: దానికి ఒప్పుకుంటా. డ్రిల్లింగ్ మిషను విషయంలో మాత్రం నా మాట నాదే. కొత్త బెల్టొకటి దగ్గర పెట్టుకుంటే, పాతది పోయాక మార్చడం ఐదు నిమిషాల పని.