నూలు వడికే అమ్మకి రెండు కళ్లకీ దూరపు చూపు లెన్సేనా?

పొందూరు అబ్బాయి:
అమ్మకి 63 ఏళ్లు, రెండు కళ్లలోనూ శుక్లాలు. ముందు కుడి కన్ను, కొన్ని వారాలకి ఎడమ కన్ను ఆపరేషన్. "దూరపు చూపుకి లెన్స్ వేస్తాం, దగ్గరకి అద్దాలు వాడుకోవాలి" అన్నారు ఆసుపత్రిలో. అందరికీ అలాగే వేస్తారట. కానీ అమ్మకి చిన్నప్పటి నుంచి రెండు కళ్లకీ మైనస్ మూడు. బయటికెళ్తే అద్దాలు పెట్టుకుంటుంది, రాట్నం ముందు కూర్చుంటే తీసేస్తుంది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం, సన్న నూలు తీయడం, తెగిన పోగు అతకడం, నలభై ఏళ్లుగా అన్నీ అద్దాలు లేకుండానే. లెన్స్ దగ్గర చూపుకే పెట్టమని అడగడం తప్పా?

రాజాం కోడలు:
తప్పనను గానీ, వద్దంటాను. మా మామగారికి రెండు కళ్లకీ దూరానికే పెట్టించాం. లేచిన వెంటనే గడియారం, మెట్టు, వీధిలో మనిషి అన్నీ కనిపిస్తున్నాయి. రాత్రి బాత్రూమ్‌కి లేచే మనిషి అద్దాలు వెతుక్కుని వెళ్తుందా? ఈ వయసులో పడి తుంటి విరిగితే ఎవరు చూస్తారు? దగ్గరి అద్దాలంటారా, ఏ షాపులోనైనా తక్కువలో దొరుకుతాయి.

విజయనగరం మాస్టారు:
మధ్యే మార్గం ఒకటుంది బాబూ. నాకు కుడి కన్ను దూరానికి, ఎడమ కన్ను మైనస్ ఒకటింపావుకి పెట్టారు. ఫోన్, భోజనం, రోడ్డు అన్నీ అద్దాలు లేకుండానే. పేపర్లో సన్న అక్షరాలకి, రాత్రి స్కూటర్‌కి మాత్రం అద్దాలు పెట్టుకుంటాను. అలవాటు పడటానికి నెల పట్టింది. అమ్మగారికి ఇదే అడగండి.

శ్రీకాకుళం ఆప్టోమెట్రిస్ట్:
మాస్టారూ, మీ పనికి అది సరిపోయింది. ఆమె పనికి చాలదు. మైనస్ ఒకటింపావు కన్ను బాగా చూసే దూరం 80 సెంటీమీటర్లు. పోగు అంత దూరంలో ఉండదు. పోనీ ఒక కంటికే ఎక్కువ మైనస్ పెడితే, దగ్గర పనంతా ఆ ఒక్క కంటి మీదే పడుతుంది. పోగు అతకడానికి లోతు తెలియాలి, అది రెండు కళ్లూ కలిసి చూస్తేనే బాగా తెలుస్తుంది.

తమ్ముడూ, ముందు ఒక పని చెయ్యి. అమ్మ రాట్నం ముందు కూర్చున్నప్పుడు కంటి నుంచి పోగు వరకు టేపు పెట్టి కొలువు. 100ని ఆ సెంటీమీటర్లతో భాగిస్తే ఎంత మైనస్ మిగల్చాలో వస్తుంది. 40 అయితే రెండున్నర, 50 అయితే రెండు.

లెన్స్ పెట్టె మీద 14 అనో 21 అనో ఉంటుంది. దాన్ని అద్దాల పవర్ అనుకోకండి. కంటి పొడవు, కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) వంపు కొలిచి లెక్కగట్టే అంకె అది. కంటి పొడవులో ఒక్క మిల్లీమీటరు తప్పితే అద్దాల పవర్ సుమారు రెండున్నర పైన తేడా వస్తుంది. కొలత సరిగ్గా ఉన్నా అర పాయింట్ అటూ ఇటూ రావచ్చు. అందుకే మొదటి కన్ను మానాక పవర్ చూసి, రెండో కంటి లెక్క సరిచూడమని అడగండి.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. కుడి కన్ను దూరపు చూపుకి, అంటే సున్నా పవర్‌కి తెచ్చి, ఎడమ కన్ను ఇంకా మైనస్ మూడులో ఉంటే ఆ వారాల్లో అద్దాలు కుదరవు, తల తిరుగుతుంది. దగ్గర చూపుకే పెడితే ఆ ఇబ్బంది ఉండదు.

పొందూరు అబ్బాయి:
మల్టీఫోకల్ లెన్స్ వేయిస్తే దూరం, దగ్గర రెండూ కనిపిస్తాయని మా బావ అంటున్నాడు. అమ్మకి షుగర్ ఉంది.

శ్రీకాకుళం ఆప్టోమెట్రిస్ట్:
షుగర్ వల్ల రెటీనా (కంటి లోపల వెనక పొర) దెబ్బతిని ఉంటే వద్దు. ఆ లెన్స్ వెలుగుని పంచేస్తుంది, తెల్ల గోడ ముందు తెల్ల పోగు ఇంకా మసకవుతుంది. ముందు రెటీనా పరీక్ష చేయించండి.

రాజాం కోడలు:
నూలు సంగతి ఒప్పుకున్నాను. కానీ రాట్నం ఇంకా ఎన్నేళ్లు తిప్పుతారు? లెన్స్ మాత్రం జీవితాంతం ఉంటుంది కదా.

పొందూరు అబ్బాయి:
అక్కా, ఆ మాట అమ్మనే అడిగాను. "చేతులు ఆడినన్నాళ్లూ తిప్పుతాను. దూరానికి అద్దాలు నాకు కొత్తా, పెళ్లికి ముందు నుంచీ పెట్టుకుంటున్నాను" అంది. టేపు పెట్టి కొలిస్తే 42 సెంటీమీటర్లు వచ్చింది. మీరన్న భయం కూడా నిజమే, మంచం దగ్గర నుంచి బాత్రూమ్ వరకు రాత్రంతా లైటు ఉండేలా చేయిస్తున్నాను. సోమవారం ఆ కొలత, పాత అద్దాల చీటీ, అమ్మ వడికే పత్తి ఏకు ఒకటి పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్తున్నాం.