ఫరో గుండెను దేవుడే కఠినపరిస్తే తప్పు ఫరోది ఎలా అవుతుంది?

బ్రాడీపేట టీచర్:
అందరికీ వందనాలు. గుంటూరులో మా చర్చిలో సండేస్కూల్ చెప్తాను, ఐదో తరగతి పిల్లలకి. మొన్న పది తెగుళ్ల పాఠం, అదే, ఇశ్రాయేలీయుల్ని బానిసత్వం నుంచి వదలనన్న ఐగుప్తు రాజు ఫరో మీదికి దేవుడు పంపినవి, చార్టు మీద కప్పలు, ఈగలు అంటించి బాగానే నడుస్తోంది, ఇంతలో వెనక నుంచి ఒకడు లేచి "మిస్, గుండె గట్టి చేసిందీ దేవుడే, వదల్లేదని కొట్టిందీ దేవుడేనా? మా అన్నయ్య ఇంతే, నా చెయ్యి పట్టుకుని దాంతోనే నన్ను కొట్టి, ఎందుకురా కొట్టుకుంటున్నావు అంటాడు" అన్నాడు. క్లాసంతా ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు, చిన్నప్పటి నుంచీ నాకూ ఉన్న డౌటే అది. వచ్చే వారం చెప్తానని తప్పించుకున్నా. పాస్టరు గారేమో "దేవుని మార్గాలు మనకు అందవమ్మా" అన్నారు. నిజమే కావచ్చు, కానీ ఆ పిల్లాడు ఒప్పుకునే రకం కాదు. ఏం చెప్పమంటారు?

పెన్సిల్ పాఠకుడు:
నిర్గమకాండం 7 నుంచి 10 దాకా పెన్సిల్ పట్టుకుని చదవండి టీచర్ గారూ. మన పాత తెలుగు బైబిల్లో "కఠినపరచెను" వేరు, "కఠినపరచుకొని" వేరు. ఆ "కొని" ఉన్నచోటల్లా గీత గీయండి. కప్పలు పోయాక 8:15లో, ఈగలు పోయాక 8:32లో ఫరోయే తన హృదయాన్ని కఠినపరచుకున్నాడు. హెబ్రీలో కూడా ఆ రెండు చోట్లా కర్త ఫరోయే. తెగుళ్ల వరసలో "యెహోవా కఠినపరచెను" అని సూటిగా వచ్చేది ఆరో తెగులు దగ్గర, 9:12లో. ఆ తర్వాత కూడా వడగండ్లు ఆగగానే 9:34లో మళ్లీ తనే కఠినపరచుకున్నాడు.

పిల్లలకైతే కప్పల దగ్గరే ఆగండి. పడక మీద కప్పలు, పొయ్యిలో కప్పలు, పిండి పిసికే తొట్టిలో కప్పలు. ఎప్పుడు పొమ్మనమంటావని, జనాన్ని విడిపించడానికి దేవుడు పంపిన మోషే అడిగితే ఆ మహానుభావుడు "రేపు" అన్నాడు (8:10). ఇంకో రాత్రి కప్పలతో పడుకోమని ఎవరూ బలవంతం చెయ్యలేదుగా.

కుమ్మరి సారె:
లెక్క బాగుంది గానీ 4:21 వదిలేశారు. మోషే ఇంకా ఐగుప్తులో అడుగైనా పెట్టకముందే "నేను అతని హృదయమును కఠినపరచెదను" అన్నాడు దేవుడు. 7:3లో మళ్లీ అదే మాట. అపొస్తలుడు పౌలు కూడా తన రోమా పత్రిక 9లో మీలాగా ఫరో వంతెంత, దేవుని వంతెంత అని పంచలేదు, కుమ్మరిని మట్టి నిలదీస్తుందా అన్నాడు, అంతే. మాది తాతల నాటి నుంచీ లూథరన్ కుటుంబం, 1842లో మిషనరీ హయ్యర్ గారు గుంటూరు వచ్చి మొదలుపెట్టిన మిషన్ తాలూకు. లూథర్ 1525లో, మనిషి చిత్తానికి స్వేచ్ఛ ఉందన్న పండితుడు ఎరాస్మస్‌కి జవాబు రాస్తూ మనిషి చిత్తం సవారీ జంతువు లాంటిదన్నాడు, దేవుడెక్కితే అటు, సాతానెక్కితే ఇటు. డబ్బు, ఆస్తుల్లాంటి కింది విషయాల్లో మాత్రం మనిషికి స్వేచ్ఛ ఉందని ఒప్పుకున్నాడు. కాబట్టి మా నాన్న మిర్చి అమ్మకుండా కోల్డ్ స్టోరేజీలో పెట్టి, రేటు పడ్డాక "దేవుని చిత్తం" అంటే నేనైతే ఒప్పుకోను 😀

పెన్సిల్ పాఠకుడు:
4:21కి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఒప్పుకుంటా. కానీ కుమ్మరి పోలిక పౌలు కంటే ముందు యిర్మీయా 18లో ఉంది, అక్కడ దేవుడే చెప్తాడు, నేను నాశనం చేస్తానన్న జనం చెడుతనం మానితే నేనూ మనసు మార్చుకుంటానని. ఆ మట్టి మరీ అంత ఊరుకునే మట్టి కాదు.

సింగ్‌నగర్ మేడమీద:
నేను విజయవాడ. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు వరద మా కింద వాటాలోకి వచ్చింది. ఆ రాత్రి మేడమీద చీకట్లో మా అమ్మ ఒకటే ప్రార్థన, ఒక్కరికీ ఏమీ కాదు, దేవుడు నాకు చెప్పాడు అంటూ. ఆ ప్రార్థన మధ్యలోనే కళ్లు తెరిచి "ఒరేయ్, ఆ మెట్లు దిగావో కాళ్లు విరగ్గొడతా" అని మా తమ్ముడి మీద అరిచింది. అప్పుడు నవ్వుకున్నాం. తర్వాత అపొస్తలుల కార్యములు 27 చదివితే అచ్చం మా అమ్మే. తుఫానులో చిక్కుకున్న ఓడలో, ప్రాణహాని లేదని దేవదూత చెప్పాడని పౌలే అంటాడు, నావికులు పడవ దింపుకుని పారిపోబోతుంటే "వీళ్లు ఓడలో ఉంటేనే గానీ మీరు బతకరు" అనీ ఆయనే అంటాడు. సైనికులు ఆ పడవ తాళ్లు కోసేశారు. 276 మందీ ఒడ్డుకు చేరారు. మాట ఇచ్చినవాడికీ తాళ్లు కోసినవాళ్లకీ గొడవేం రాలేదు అక్కడ. నాకు రోమా 9 కన్నా ఇదే ఎక్కువ అర్థమైంది.

కొండకింద:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మాది దుర్గ గుడి దగ్గర, అర్జునుడు పాశుపతం కోసం తపస్సు చేసింది ఈ ఇంద్రకీలాద్రి మీదే అని మా వాళ్ల నమ్మకం. ఆ అర్జునుడికే గీత 18:61లో, ఈశ్వరుడు అందరి హృదయాల్లో ఉండి యంత్రం మీద ఎక్కించిన బొమ్మల్లా తిప్పుతాడని చెప్పి, సరిగ్గా రెండు శ్లోకాల తర్వాత "యథేచ్ఛసి తథా కురు", నీకెలా తోస్తే అలా చెయ్యి అంటాడు కృష్ణుడు. ప్రవచనాల్లో మాకూ ఇదే పంచాయితీ, కాబట్టి మీరొక్కరే అనుకోకండి.

బ్రాడీపేట టీచర్:
అందరికీ థాంక్స్. ఇవాళ క్లాసులో కప్పల "రేపు" చెప్పా, ఓడ కథ కూడా చెప్పా. మావాడు శ్రద్ధగా విన్నాడు, "సరే మిస్, ఫరోది తప్పే" అని ఒప్పుకున్నాడు. హమ్మయ్య అనుకునే లోపే మళ్లీ చెయ్యెత్తి "మరి పదో తెగుల్లో చచ్చిపోయిన పెద్దకొడుకులు ఏం చేశారు? మా అన్నయ్య కూడా పెద్దకొడుకే" అన్నాడు. ఈసారి గొంతు కొంచెం చిన్నగా వచ్చింది. వచ్చే వారం చెప్తానన్నా.