సంక్రాంతి సంబరాలు, బియ్యం–దుప్పట్ల సేకరణ: 600 మంది పిల్లలున్న స్కూల్లో ఎలా నడపాలి?

పటమట పేరెంట్ (ప్రశ్న)

నమస్కారమండీ. విజయవాడలో ఎల్‌కేజీ నుంచి పదో తరగతి దాకా సుమారు 600 మంది పిల్లలున్న స్కూలు మాది. డిసెంబరులో సెమీ క్రిస్మస్, సంక్రాంతి సెలవులిచ్చే ముందు రోజు సంబరాలు చేద్దామని పేరెంట్స్ కమిటీలో అనుకున్నాం. ఈ మధ్యలో బియ్యం, బట్టలు, దుప్పట్లు పోగుచేసి 40 మంది ఉండే ఒక వృద్ధాశ్రమానికి, దగ్గర్లోని ఒక పిల్లల హోముకు ఇవ్వాలని ఆలోచన. ఎవరిని ఎంత తెమ్మనాలి, తెచ్చినవి పాడవకుండా ఎలా చూసుకోవాలి, సంబరాల రోజు గ్రౌండులో ఏం జాగ్రత్తలు కావాలి, డబ్బు లెక్కలు ఎలా ఉండాలి? ఈ పనులు చేయించేవాళ్ళు వివరంగా చెబితే మేలు.

బ్రాడీపేట వార్డెన్

ముందు వృద్ధాశ్రమం వంటగది చూసేవాళ్ళకి ఫోన్ చేయండి. మేనేజరు "ఏదైనా ఇవ్వండి, సంతోషం" అంటారు. నెలకు ఏ సరుకు ఎంత పడుతుందో, స్టోరులో ఇప్పుడు ఎంత ఉందో వంటవాళ్ళే చెప్పగలరు.

లెక్క ఇలా వేసుకోండి. పెద్దవయసువాళ్ళకి రెండు పూటలా అన్నం పెడితే మనిషికి రోజుకు పావుకిలో బియ్యం. 40 మందికి రోజుకు 10 కిలోలు, నెలకు 300 కిలోలు, అంటే 25 కిలోల బస్తాలు 12. కందిపప్పు మనిషికి 50 గ్రాముల చొప్పున నెలకు 60 కిలోలు. నూనె నెలకు 30 లీటర్ల లోపే. మీ స్కూల్లో ప్రతి పిల్లా, పిల్లాడూ అరకిలో బియ్యం తెస్తే నెల బియ్యం వచ్చేసినట్టే. కాబట్టి అందర్నీ అన్నీ తెమ్మనకండి.

బియ్యంలో అసలు చిక్కు కలగలుపు. సంక్రాంతికి మన డెల్టాలో ఖరీఫ్ వడ్లు ఇళ్ళకి చేరి ఉంటాయి. కొందరు కొత్త బియ్యం, కొందరు పాత బియ్యం, కొందరు స్టీమ్ బియ్యం తెస్తారు. కొత్తవాటికి నీళ్ళు తక్కువ పడతాయి, పాతవాటికి ఎక్కువ. అన్నీ ఒకే డ్రమ్ములో పోస్తే సగం గింజలు ముద్దై, సగం పలుకు మీద ఉంటాయి. ఆ అన్నం పళ్ళు లేని పెద్దవాళ్ళు తినలేరు. సర్క్యులర్‌లోనే ఒక్క రకం పేరు రాయండి. మన బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 ఇక్కడ దాదాపు అందరిళ్ళలో ఉండేదే, "పాత బీపీటీ మాత్రమే" అనండి. అయినా వేరే రకం వస్తే వెనక్కి పంపొద్దు, పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. విడిగా ఇంకో డ్రమ్ము పెట్టి, దాన్ని పిండి పట్టించి ఇవ్వండి. రేషన్ బియ్యం మాత్రం వద్దని స్పష్టంగా రాయండి. అవి బస్తాలకొద్దీ ఒకచోట కనబడితే లేనిపోని ప్రశ్నలు వస్తాయి.

డ్రమ్ములో పోసే ముందు ప్రతి సంచీలోంచీ పిడికెడు తీసి పళ్ళెంలో పరిచి చూడాలి. ముక్కుపురుగు ఒక్క సంచీలో ఉన్నా నెల తిరిగేసరికి బస్తాలన్నిటికీ పాకుతుంది. తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు కూర్చుంటే ఈ పని చక్కగా జరుగుతుంది. బస్తాలు నేల మీద పెట్టకండి, కింద చెక్కలు వేసి గోడకు జానెడు ఎడంగా పేర్చండి. నూనె ప్యాకెట్లు విడిగా అట్టపెట్టెలో నిలబెట్టాలి. బియ్యం బస్తా కింద ఒక్క ప్యాకెట్ పగిలిందంటే పప్పు, సబ్బులు అన్నీ జిడ్డే. సబ్బుల్ని, అగరుబత్తుల్ని తిండి సరుకులతో ఒకే పెట్టెలో పెట్టొద్దు, వాసన పడుతుంది.

ఇంకొకటి. క్రిస్మస్ నుంచి కనుమ దాకా ప్రతి ఆశ్రమానికీ భోజనాలు, స్వీట్లు, పండ్లు వెల్లువలా వస్తాయి. ఒకే రోజు మూడు చోట్ల నుంచి పులిహోర వచ్చి పారబోయాల్సి వస్తుంది. ఫిబ్రవరి దాటితే అడిగేవాళ్ళుండరు. అందుకే పండగలో పోగుచేయండి గానీ అంతా ఒక్కసారే దింపేయకండి. బియ్యం, నూనె జనవరిలో ఇచ్చి, పప్పుకీ మిగతా సరుకుకీ సరిపడా డబ్బు పక్కన పెట్టి ఏప్రిల్‌లో కొని పంపండి. బెజవాడ ఎండల్లో వాళ్ళకి ఏం కావాలో అప్పుడే అడగొచ్చు. వండిన తిండి, మైసూర్‌పాకులు పూర్తిగా మానేయండి, అక్కడ చాలామందికి షుగరు ఉంటుంది.

వన్‌టౌన్ బట్టలు

పాత బట్టలు అడగాలా వద్దా అన్నది ముందు తేల్చుకోండి. నన్నడిగితే వద్దు. సంచులు సంచులుగా వస్తాయి, వాటిలో జిప్పు పోయిన ప్యాంట్లు, జత లేని బ్లౌజులు, రంగు దిగిన యూనిఫారాలు ఎక్కువ. వాటిని వేరు చేయడానికే రెండు రోజులు పడుతుంది, పనికిరానివాటిని పారేసే ఖర్చు మీ మీద పడుతుంది.

తప్పదంటే షరతులు పెట్టండి. ఉతికి ఇస్త్రీ చేసినవి, గుండీలన్నీ ఉన్నవి, ఒక్కొక్కరు ఒక్క జత మాత్రమే. వాడిన లోదుస్తులు తీసుకోవద్దు. జతను దారంతో కట్టి, ఎవరికి సరిపోతాయో చీటీ గుచ్చాలి: "ఆడపిల్ల, 8 ఏళ్ళు" అన్నట్టు. చీరలైతే మెత్తటి నూలువి మాత్రమే. ఫ్యాన్సీ చీరలు ఆశ్రమంలో అలాగే మూట కట్టి ఉండిపోతాయి. అక్కడ నిజంగా కొరత ఉండేది లుంగీలు, లంగాలు, ముందు గుండీలున్న నైటీలు, తువ్వాళ్ళు. మంచం పట్టినవాళ్ళుంటే పెద్దవాళ్ళ డైపర్లు. వాటికి ఎం, ఎల్ సైజులు ఎన్నెన్ని కావాలో అక్కడి ఆయా చెబుతుంది, ఊహించి కొనొద్దు.

దుప్పట్లు మాత్రం కొత్తవే కొనండి. విజయవాడలో చలికాలం రాత్రి ఉష్ణోగ్రత సాధారణంగా 17, 18 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. దానికి మందపాటి ఉన్ని రగ్గులు అక్కర్లేదు. బస్టాండు, రైల్వే స్టేషన్ చుట్టుపక్కల ఆరుబయట పడుకునేవాళ్ళకి ఇస్తే అవి మంచుకు తడిసి బరువెక్కుతాయి, ఆరేసుకునే చోటుండదు. షోలాపూర్ రకం నూలు దుప్పటి, 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవుది కొనండి. ఉతికితే అదే రోజు ఆరుతుంది, ఎండాకాలంలో కిందా పరుచుకోవచ్చు. వస్త్రలత బట్టల మార్కెట్లో టోకున అడిగితే చిల్లర ధర కన్నా బాగా తగ్గుతుంది. బేరం ఆడే ముందు ఒకటి విప్పించి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. నేత మధ్య ఖాళీలు కనిపిస్తే రెండు ఉతుకులకే జాలీ అయిపోతుంది. అంచు కుట్టు రెండు వరసలు ఉండాలి. కొలత టేపు వెంట తీసుకెళ్ళండి, 90 అని చెప్పి 84 ఇచ్చేవీ ఉంటాయి. దుప్పటి మీద స్కూలు పేరు అచ్చు వేయించకండి. అది కప్పుకుని పడుకునే మనిషి ఒంటిమీద మన బోర్డు ఎందుకు?

డ్రిల్లు మాస్టారు

సెమీ క్రిస్మస్‌కి పెద్ద హడావుడి లేదు: క్యారల్స్, నక్షత్రం, కేకు, గంటన్నరలో అయిపోతుంది. పిల్లలు ఒకరికొకరు కానుకలిచ్చుకుంటే 50 రూపాయల హద్దు పెట్టండి, అది చాలు. జాగ్రత్త అంతా సంక్రాంతి రోజున కావాలి.

ముగ్గులు: ముగ్గురేసి చొప్పున 30 జట్లు పెట్టండి. ఒక్కో జట్టుకు 5 అడుగుల చదరం, చుట్టూ నడవడానికి 3 అడుగుల దారి. బాస్కెట్‌బాల్ కోర్టులో సగంలో 30 ముగ్గులూ పడతాయి. ముందు రోజు సాయంత్రమే సుద్దతో గళ్ళు గీసి అంకెలు వేయండి. ఒక్కో జట్టుకు అరకిలో ముగ్గు సరిపోతుంది. రంగుల్ని జల్లించిన సన్నటి ఇసుకతో కలిపితే వేళ్ళ మధ్య నుంచి సాఫీగా జారుతాయి. ఉప్పు కలపొద్దు, మంచు పొద్దున తేమ లాగి ఉండలు కడుతుంది. ఏడున్నరకి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకి ముగించండి, ఆ తర్వాత గాలి లేస్తుంది. అయ్యాక పొడిగానే ఊడవాలి. పైపుతో కడిగితే రంగు బురదై నేల జారుతుంది, కాలవ పూడుతుంది.

భోగిమంట: కోర్టులో వద్దు, వేడికి సిమెంటు పెచ్చులూడుతుంది. మట్టి నేల మీద నాలుగు అంగుళాల ఇసుక పరిచి, దానిమీద మూడడుగుల ఎత్తు మించకుండా కట్టెలు పేర్చండి. కర్పూరం, పిడకలతో అంటించండి, కిరోసిన్, పెట్రోలు దగ్గరికి రానివ్వొద్దు. టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు అసలే వద్దు. 15 అడుగుల దూరంలో తాడు కట్టి, పిల్లలంతా దాని వెనకే నిలబడాలి. పిడకల దండలు పెద్దవాళ్ళే వేయాలి, పరికిణీలు, ఓణీల పిల్లల్ని ముందుకు పంపకండి. నాలుగు బకెట్ల ఇసుక, రెండు బకెట్ల నీళ్ళు పక్కనే ఉంచండి. ఎక్కువమంది మరిచిపోయేది ఆఖరి పని. మంట ఆరినట్టే కనబడుతుంది గానీ బూడిద కింద నిప్పు గంటల తరబడి ఉంటుంది. నీళ్ళు పోసి, కర్రతో కలియబెట్టి, మళ్ళీ నీళ్ళు పోయాలి. చెప్పులు విప్పి ఆడుకునే పిల్లలకి కాళ్ళు కాలేది అక్కడే.

భోగిపళ్ళు ఎల్‌కేజీ, యూకేజీ వాళ్ళకే పోయండి. నానబెట్టిన శనగలు, చిల్లర నాణేలు మానేసి బంతిపూల రేకులు, పెద్ద రేగిపళ్ళు వాడండి. చిన్నపిల్లలు కింద పడ్డది ఏరి నోట్లో పెట్టుకుంటారు. ముందే కింద పాత దుప్పటి పరిస్తే, అయ్యాక నాలుగు మూలలూ పట్టి ఒక్కసారిగా ఎత్తేయొచ్చు.

హరిదాసు గారిని పిలుస్తామంటే పొద్దున్నే పిలవండి. పిల్లలు ఒక్కొక్కరు వచ్చి ఆయన తలమీది అక్షయపాత్రలో గుప్పెడు బియ్యం వేస్తే అంతకన్నా మంచి ఆరంభం ఉండదు. ఆ బియ్యం ఆయనవే, మీ సేకరణ లెక్కలో కలపకండి. సంభావన ముందే మాట్లాడి కవరులో ఇవ్వండి. గంగిరెద్దు వస్తే మట్టి నేల మీదే నిలపండి, మైకు దూరంగా ఉండాలి, డప్పులు ఆపించాలి. 600 మంది ఒక్కసారి కేకలేస్తే ఎద్దు బెదురుతుంది, తరగతికో వరుసగా పంపండి. గాలిపటాలకి నూలు దారమే. నైలాన్ మాంజాను 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించింది.

లెక్కల సుబ్బులు

డబ్బు విషయం చెబుతాను. అరిసెలు, జంతికలు, గవ్వలు అమ్మే స్టాళ్ళు పెడితే నగదు ఆడనివ్వకండి. 10 రూపాయల కూపన్లు వరస నంబర్లతో అచ్చు వేయించి ఒక్క కౌంటరులోనే అమ్మండి. సాయంత్రం ప్రతి స్టాలూ తన దగ్గరున్న కూపన్లు లెక్కపెట్టి సంతకం చేసి ఇవ్వాలి. అమ్మిన కూపన్ల డబ్బూ చేతికొచ్చిన డబ్బూ అక్కడికక్కడే సరిచూస్తారు. టీచరు సొంత ఫోన్ క్యూఆర్ కోడ్ వాడొద్దు. ఆమె సొంత డబ్బుతో కలిసిపోయాక విడదీయలేరు, ఎంత నిజాయితీపరురాలైనా మాట పడాల్సి వస్తుంది. స్కూలు నడిపే సొసైటీ లేదా ట్రస్టు ఖాతా క్యూఆర్ పెట్టండి.

80జీ రసీదు (విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు కోసం) అడిగే తల్లిదండ్రులు ఉంటారు. బియ్యం, బట్టలు వంటి వస్తువులకి ఆ మినహాయింపు రాదు. నగదు 2,000 రూపాయలు దాటితే రాదు, అంతకు మించితే చెక్కుగానో ఆన్‌లైన్‌లోనో ఇవ్వాలి. ఎలా ఇచ్చినా ఆ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకి నేరుగా ఇస్తేనే పనికొస్తుంది, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే. ఈ మాట ముందే చెప్పేయండి.

ఏ తరగతి ఎక్కువ తెచ్చిందో పోటీ పెట్టొద్దు, అసెంబ్లీలో పేర్లు చదవొద్దు. ఆ అరకిలో కూడా బరువయ్యే ఇళ్ళు మీ స్కూల్లోనే ఉంటాయి. ఎవరు తెచ్చారో రాయకుండా గేటు దగ్గర డ్రమ్ము పెడితే చాలు. అలాగే మీ ఆయాలు, వాచ్‌మన్, బస్సు క్లీనర్లకి పండక్కి కొత్త బట్టలు ఈ డబ్బులోంచి కాకుండా, కమిటీ విడిగా వేసుకుని ముందే ఇవ్వండి.

పటమట పేరెంట్

చాలా వివరంగా చెప్పారండీ, అందరికీ ధన్యవాదాలు. పాత బట్టలు మానేస్తున్నాం. ఇంకో రెండు సంగతులు. పిల్లల్ని వృద్ధాశ్రమానికి తీసుకెళ్ళి చిన్న ప్రోగ్రాం చేయించొచ్చా? పిల్లల హోములో సరుకులు ఇస్తున్న ఫోటోలు స్కూలు పేజీలో పెట్టొచ్చా?

బ్రాడీపేట వార్డెన్

ఫోటోలు వద్దండీ. సంరక్షణలో ఉన్న పిల్లల్ని గుర్తుపట్టేలా పేరు, ఫోటో, హోము చిరునామా బయటపెట్టడం 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ముఖాలు మసక చేసినా వెనక బోర్డు కనిపిస్తే గుర్తుపట్టేస్తారు. బస్తాలు బండిలోకి ఎక్కించేటప్పుడు మీ స్కూలు గేటు దగ్గరే ఒక ఫోటో తీసుకోండి, సరిపోతుంది. హోముకు అందరు పిల్లల్నీ తీసుకెళ్ళొద్దు. కమిటీ నుంచి ఇద్దరు వెళ్ళి సరుకు అప్పగించి, బరువులు రాసిన కాగితం మీద సంతకం తీసుకుని రండి.

వృద్ధాశ్రమానికి 25 మంది పిల్లలు మించకుండా, ఉదయం పదిన్నర నుంచి పదకొండున్నర మధ్యలో వెళ్ళండి. మధ్యాహ్నం వాళ్ళు నడుం వాలుస్తారు. దగ్గు, జలుబు ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే ఉండాలి. పాటలు 20 నిమిషాలు చాలు, స్పీకర్లు వద్దు. తర్వాత ఒక్కో పెద్దావిడ పక్కన, పెద్దాయన పక్కన ఒక్కో పిల్లో పిల్లాడో కూర్చుని పేపరు చదివి వినిపించడం, వాళ్ళు చెబితే ఉత్తరం రాసిపెట్టడం. అక్కడివాళ్ళు ఎదురుచూసేది ఈ అరగంట కోసమే.

సర్క్యులర్ ఇలా ఉంచండి, ఇంతకు మించి రాస్తే ఎవరూ చదవరు:

"సోమవారం నుంచి బుధవారం వరకు మాత్రమే, ఉదయం 8 నుంచి 9 గంటల మధ్య, గేటు దగ్గర తీసుకుంటాం. 1 నుంచి 8వ తరగతి: పాత బీపీటీ బియ్యం అరకిలో. 9, 10 తరగతులు: వేరుశనగ నూనె అర లీటరు ప్యాకెట్, గడువు తేదీకి ఇంకా కనీసం ఆరు నెలలు ఉండాలి. ఎల్‌కేజీ, యూకేజీ: ఒంటి సబ్బు ఒకటి. తేవడం తప్పనిసరి కాదు. రేషన్ బియ్యం, పాత బట్టలు, వాడగా మిగిలిన మందులు, వండిన పదార్థాలు తీసుకోం. బియ్యం డబ్బాలో పంపితే మూత మీద పిల్లల పేరు, తరగతి రాయండి, డబ్బా సాయంత్రం తిరిగి పంపుతాం."

పెద్ద తరగతులు అరకిలోకి బదులు నూనె, ఎల్‌కేజీ, యూకేజీ వాళ్ళు సబ్బు తెస్తారు కాబట్టి బియ్యం 300 కిలోలకి సుమారు మూడో వంతు తగ్గుతుంది. ఆ తేడాకి బస్తాలు గొల్లపూడి హోల్‌సేల్‌లో కొనేయండి, ఇంటింటి బియ్యం కన్నా అవి ఒకే రకంగా ఉంటాయి. ఆశ్రమానికీ హోముకీ కలిపినా ఒక్క టాటా ఏస్‌లో అన్నీ పడతాయి. బరువు బస్తాలు కింద, సబ్బులు క్యాబిన్‌లో డ్రైవరు పక్కన.