అప్‌డేట్: ఇంగ్లీష్‌లో సెమినార్ ఇవ్వాలంటే భయం అని అడిగాను కదా, ఇచ్చేశా

అందరికీ థ్యాంక్స్ అండి. గుర్తులేనివాళ్ళకి, టెన్త్ దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం, ఇప్పుడు బీటెక్ ఈసీఈ, స్టేజ్ ఎక్కితే నోరు పెగలట్లేదు అని పోస్ట్ పెట్టింది నేనే.

మీరు చెప్పినవాటిలో నాకు బాగా పనికొచ్చింది బీబీసీ వాళ్ళ 6 మినిట్ ఇంగ్లీష్ అనే ఆడియో ప్రోగ్రామ్. ట్రాన్‌స్క్రిప్ట్ ఫ్రీగానే ఇస్తారు, ముందు అది చూడకుండా వినేవాణ్ణి, తర్వాత చూస్తూ, ఆ తర్వాత వాళ్ళ వెనకాలే అదే స్పీడ్‌లో పైకి అనేసేవాణ్ణి, షాడోయింగ్ అంటారంట దీన్ని. రూమ్మేట్ పిచ్చి పట్టిందా అన్నాడు, పట్టించుకోలా. గ్రామర్ బుక్ మాత్రం అటకెక్కింది, సజెస్ట్ చేసిన అన్న ఏమనుకోకండి.

టాపిక్ 5జీ. మొత్తం బట్టీ కొట్టకు, మొదటి రెండు లైన్లు నోటికి వస్తే చాలు, మిగతావి పాయింట్లుగా పెట్టుకో అని ఒక అక్క రాశారు, నన్ను గట్టెక్కించింది అదే. "వై డజ్ సిగ్నల్ డ్రాప్ ఇన్‌సైడ్ ఎ లిఫ్ట్?" అని మొదలెట్టా, లాస్ట్ బెంచ్ వాళ్ళు కూడా ఫోన్లలోంచి తలెత్తారు. అక్కణ్ణించి ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ గోడలు దాటడం కష్టం, అందుకే చిన్న చిన్న సెల్స్, అంటే బుల్లి టవర్లలాంటివి, దగ్గరదగ్గరగా పెట్టాలి అని లాగించేశా. కాళ్ళు వణికాయి, వణక్కుండా ఎలా ఉంటాయి, కానీ పోడియం వెనక ఎవడికి కనపడుద్ది.

చివర్లో సార్ ఏదో అడిగారు, ఒక్క ముక్క అర్థంకాలా. "కుడ్ యూ ప్లీజ్ రిపీట్ ద క్వశ్చన్ సర్" అన్నా, ఈసారి ఆయనే నిదానంగా, ఇంకా సింపుల్‌గా అడిగారు.

ఇక ప్లేస్‌మెంట్స్‌లో గ్రూప్ డిస్కషన్ ఉంది. అందరూ గోలగోలగా మాట్లాడుతుంటే మధ్యలో ఎలా దూరాలి, ఎవరైనా చెప్పండి ప్లీజ్.