రీల్ వైరల్ అయింది, అందులో ఉన్న పెద్దావిడ ముఖం తీయించడం ఎలా?

నేను ఫిలడెల్ఫియా దగ్గర క్వేకర్ల (ఒక క్రైస్తవ శాఖ) ప్రార్థన మీటింగ్‌కి 4 ఏళ్లుగా వెళ్తున్నా. పాస్టర్ ఉండరు, పాటలుండవు, గంటసేపు అందరం మౌనంగా కూర్చుంటాం, ఎవరికైనా లోపల్నుంచి మాటొస్తే లేచి చెప్తారు, చివర్లో పక్కవాళ్లతో చేతులు కలుపుతాం, అంతే. 1650ల్లో ఇంగ్లండ్‌లో మొదలైన పద్ధతి ఇది, నాకు ప్రాణం.

పోయిన శనివారం రాత్రి దీని గురించి తెలుగులో 40 సెకన్ల రీల్ పెట్టా. మామూలుగా 200 మంది చూస్తారు, సోమవారం పొద్దున్నకి 3 లక్షలు దాటింది! చివరి 5 సెకన్లలో ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని నవ్వుతారు, వణికే వేళ్లు, ఊదారంగు స్వెటర్, ముఖం క్లియర్‌గా కనిపిస్తుంది. ఆవిడని అడక్కుండా పెట్టేశా, తప్పు నాదే. ఇప్పుడు ఆవిడ ముఖం మీద మీమ్స్ చేస్తున్నారు, చూస్తే కడుపు తరుక్కుపోతోంది.

రీల్ డిలీట్ చేశా, అకౌంట్ ప్రైవేట్ పెట్టా, రీపోస్ట్ చేసిన 11 మందికి మెసేజ్ చేస్తే ఇద్దరే తీశారు, మిగతా 9 రిపోర్ట్ కొడితే 'రూల్స్‌కి విరుద్ధం కాదు' అని వచ్చింది. రిపోర్ట్‌లో 'వేధింపు' అనే ఆప్షన్ ఎంచుకున్నా, అది తప్పేమో. ఆవిడకి ఫోన్ వాడటం రాదు, విషయం చెప్పి సారీ అడిగా, "తీసేయగలిగితే తీసెయ్యమ్మా" అన్నట్టు చెప్పారు.

ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు చెప్పండి ప్లీజ్, వీడియో నాది కాబట్టి నా పేరు మీద కాపీరైట్ కంప్లైంట్ పెడితే త్వరగా తీస్తారా, లేక ఆవిడ పేరు మీద ప్రైవసీ కంప్లైంట్ పెట్టాలా?