టిబెట్‌కు స్వాతంత్ర్యమా, స్వయంప్రతిపత్తా?

కృష్ణాతీరం:
విదేశాంగ వ్యవహారాలను చైనాకే వదిలి, మిగిలిన పాలన టిబెటన్ల చేతిలో ఉంటే చాలునని దలైలామా 1988 జూన్‌లో స్ట్రాస్‌బర్గ్‌లో ప్రతిపాదించారు. మధ్యేమార్గమని పేరుపడిన ఈ విధానాన్ని, 1970లో ఏర్పడిన టిబెటన్ యూత్ కాంగ్రెస్ నేటికీ ఒప్పుకోదు. సంపూర్ణ స్వాతంత్ర్యమే తన లక్ష్యమంటుంది. నేను మధ్యేమార్గం వైపు ఉన్నాను. సుమారు 60-70 లక్షల మంది ఉన్న జాతి, ఏ పెద్ద దేశమూ గుర్తించని స్వాతంత్ర్యం కోసం చైనా వంటి రాజ్యాన్ని ఎదిరించి నిలవగలదని అనుకోను. ఆశ్రయమిచ్చిన మన దేశమే, 2003లో వాజపేయి బీజింగ్ వెళ్లినప్పుడు, టిబెట్ స్వయంపాలిత ప్రాంతం చైనాలో భాగమని లిఖితపూర్వకంగా అంగీకరించింది.

ఓరుగల్లు వాసి:
కృష్ణాతీరం గారూ, మీరు కోరుతున్నదాన్ని ఇదివరకే ఒకసారి ప్రయత్నించి చూశారు. 1951 మే 23న బీజింగ్‌లో కుదిరిన పదిహేడు అంశాల ఒప్పందం, టిబెట్‌కు ప్రాంతీయ స్వయంప్రతిపత్తి ఉంటుందని, అక్కడి రాజకీయ వ్యవస్థను గాని దలైలామా హోదాను గాని మార్చబోమని చెప్పింది. ఎనిమిదేళ్లు నిండకముందే, 1959 మార్చిలో, టిబెట్ రాజధాని లాసాలో తిరుగుబాటు చెలరేగింది, దలైలామా ప్రాణాలు దక్కించుకుని మన దేశానికి వచ్చారు. ఇలాంటి హామీల విలువ మా ఇంట్లో బాగా తెలుసు. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో రాసుకున్న మాటలను నమ్మి మా నాన్నగారు ఎదురుచూసిన కొలువు స్థానికేతరుడికి దక్కింది; అడగడానికి వెళితే, ఆ మాటల అర్థం అది కాదని చెప్పి పంపించారు. హామీ ఇచ్చినవాడే దానికి అర్థం చెప్పే అధికారాన్ని కూడా తన దగ్గర ఉంచుకుంటే జరిగేది ఇదే.

గోదారిగట్టు:
తెలంగాణ పరాయి పాలనలో లేదు. దయచేసి రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

పాతపుస్తకం:
ఓరుగల్లు వాసి గారు ఆ పత్రాన్ని ఒప్పందమని పిలవడమే నాకు అభ్యంతరం. టిబెట్ ప్రతినిధి బృందానికి నాయకత్వం వహించిన న్గాపో న్గవాంగ్ జిగ్మే, అంతకు కొద్ది నెలల ముందు తూర్పు టిబెట్‌లోని చామ్దోలో చైనా సైన్యానికి బందీగా చిక్కిన అధికారి. లాసాను సంప్రదించకుండా సంతకం చేసే అధికారం ఆయనకు లేదు. పత్రంపై వేసిన ముద్రలు కూడా బీజింగ్‌లోనే తయారయ్యాయి. చెల్లని పత్రాన్ని చూపించి స్వయంప్రతిపత్తి విఫలమైందని ఎలా అంటారు?

కృష్ణాతీరం:
ముద్రలు ఎక్కడ తయారైతేనేమి, అదే ఏడాది అక్టోబరులో ఒప్పందాన్ని ఆమోదిస్తూ దలైలామా పేరిట మావోకు తంతి వెళ్లింది కదా?

పాతపుస్తకం:
ఆ తంతి వెళ్లేనాటికి చైనా సేనలు లాసాలో అడుగుపెట్టాయి. దలైలామాకు 16 ఏళ్లు. ముద్రల గురించి నేను అడిగినదానికి మాత్రం ఇంతవరకు జవాబు రాలేదు.

మల్లెపందిరి:
మీరు ముద్రల దగ్గరే ఆగిపోయారు గాని, ఆ పత్రం ఏ నేలకు వర్తించిందో ఎవరూ అడగడం లేదు. లాసా ప్రభుత్వం ఏలిన ప్రాంతానికే దాన్ని వర్తింపజేసి, టిబెటన్లే నివసించే తూర్పు ఖామ్‌ను, అమ్దోను మాత్రం చైనా రాష్ట్రాలలో భాగంగానే లెక్కించారు. అందుకే అక్కడ భూసంస్కరణలను, మఠాల మీద ఒత్తిడిని ముందుగానే మొదలుపెట్టారు. 1956 నాటికి ఖామ్ భగ్గుమంది, అక్కడి నుంచి పారిపోయి వచ్చిన వేలమందితో లాసా నిండింది. 1959 తిరుగుబాటుకు దారితీసిన కారణాలలో ఇది ముఖ్యమైనది. 1965లో ఏర్పరచిన స్వయంపాలిత ప్రాంతంలోనూ టిబెటన్లలో సగానికన్నా తక్కువమందే ఉన్నారు. మిగిలినవారు చింగ్‌హాయ్, సిచువాన్, గాన్సు, యునాన్ రాష్ట్రాలలో ఉన్నారు. వారందరినీ ఒకే పాలన కిందికి తేవాలని ధర్మశాల (దలైలామా ఉంటున్న హిమాచల్ పట్టణం, ప్రవాస టిబెటన్ల పాలనా కేంద్రం) ప్రతినిధులు 2008లో వినతిపత్రం ఇస్తే, ముసుగు వేసుకున్న స్వాతంత్ర్యమని బీజింగ్ దాన్ని తోసిపుచ్చింది. కాబట్టి స్వయంప్రతిపత్తి సాధ్యమైనది, స్వాతంత్ర్యం సాధ్యం కానిది అన్న కృష్ణాతీరం గారి విభజన నిలవదు. బీజింగ్ దృష్టిలో రెండూ ఒకటే.

ఓరుగల్లు వాసి:
ఈ మాటే నేను మొదటి నుంచి చెబుతున్నాను. హాంకాంగ్ సంగతి చూడండి. దాన్ని బ్రిటన్ చైనాకు అప్పగించేందుకు కుదిరిన 1984 ఉమ్మడి ప్రకటన ఐక్యరాజ్య సమితిలో నమోదైన పత్రం, దానిపై బ్రిటన్ సంతకం కూడా ఉంది. యాభై ఏళ్లు ఏమీ మారదన్నారు. 2017లో చైనా విదేశాంగ శాఖ దాన్ని ఆచరణలో విలువలేని చారిత్రక పత్రమని ప్రకటించింది, 2020లో జాతీయ భద్రతా చట్టం వచ్చింది. సాక్షి సంతకం ఉన్నదానికే ఈ గతి పడితే, సాక్షి కూడా లేని టిబెట్‌కు ఏమి మిగులుతుంది? చల్లగా ఇంట్లో కూర్చుని ఇతరులను రాజీపడమనడం మీకు సులువే.

కృష్ణాతీరం:
ఇంట్లో కూర్చుని ఇతరులను తెగించమనడం అంతకన్నా సులువు. 2009 నుంచి 150 మందికి పైగా టిబెటన్లు ఒంటికి నిప్పంటించుకున్నారు. మీ నాన్నగారి ఉద్యోగాన్ని ఆ చావుల పక్కన పెట్టి మాట్లాడకండి.

శీతాకాలం:
మన ఊళ్లకు ఏటా స్వెట్టర్లు అమ్మడానికి వచ్చే టిబెటన్లను ఎవరైనా అడిగారా?

ఓరుగల్లు వాసి:
అడగాల్సింది లోపల ఉన్నవారిని. తూర్పు తైమూరులో 1999లో ఇదే ప్రశ్న వేశారు. ఇండోనేషియా ఇస్తామన్న ప్రత్యేక స్వయంప్రతిపత్తిని 78.5 శాతం మంది తిరస్కరించారు. టిబెట్‌లో అలాంటి ఓటు ఎప్పుడు జరిగింది? అక్కడివారి తరఫున స్వాతంత్ర్యాన్ని వదులుకునే హక్కు ధర్మశాలకు గాని మీకు గాని ఎవరిచ్చారు?

కృష్ణాతీరం:
ఆ ఓటు జరగడానికి ముందు 1998లో ఇండోనేషియా నియంత సుహార్తో కూలిపోయాడు. జకార్తా మారింది గనుక తైమూరు ప్రజలను అడిగారు. బీజింగ్ ఎప్పుడు మారుతుందో ఎవరు చెప్పగలరు? అది మారేలోగా, చైనా మాధ్యమంలో చదువు చెప్పే వసతి పాఠశాలల్లో పెరిగిన పిల్లలు ఇంటికి వచ్చి తాతతో సొంత భాషలో మాట్లాడలేకపోతే, ఆనాటి ఓటు ఎవరికోసం? మీరు హక్కును కాపాడమంటున్నారు. ఆ హక్కును వాడుకునే మనుషులు మిగలాలని నేనంటున్నాను. మన తగవు స్వయంప్రతిపత్తి గురించి కాదు, దీని గురించే.

ఓరుగల్లు వాసి:
సరే, దీని గురించే అనుకుందాం. అయినా ఒక ప్రశ్న ఉంది. టిబెట్ అనాదిగా చైనాలో భాగమని ఒప్పుకోవాలన్నది బీజింగ్ పెట్టే షరతు. స్వయంప్రతిపత్తి చాలునన్న దలైలామా కూడా చరిత్రను తిరగరాయలేనని దానికి ఒప్పుకోలేదు. రేపు ఆ ఒక్క వాక్యం మీద సంతకం పెడితే పిల్లలకు టిబెటన్ మాధ్యమంలో బడులు ఇస్తామంటే, మీరు పెట్టమంటారా?

కృష్ణాతీరం:
బడులు ముందు తెరిస్తే, పెట్టమంటాను.

మల్లెపందిరి:
నేను పెట్టమనను. 2007లో చైనా ఇచ్చిన ఐదవ నంబరు ఉత్తర్వు ప్రకారం లామాల (టిబెటన్ బౌద్ధ గురువుల) పునర్జన్మగా ఒకరిని గుర్తించడానికి కూడా ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ వాక్యం మీద సంతకం పడిన మరుక్షణం ఆ ఉత్తర్వును కాదనడానికి ఆధారమే పోతుంది. వారసుడిని గుర్తించే అధికారం తన ట్రస్టుకే ఉందని దలైలామా 2025 జూలైలో ప్రకటించింది ఈ భయంతోనే కావచ్చు.

పాతపుస్తకం:
అప్పుడు ఆ సంతకం మీద ముద్ర ఎవరిదో కూడా చెప్పండి.