షైలాక్ నోట ‘బాండ్’: ఒప్పందమా, పత్రమా?

షేక్‌స్పియర్ నాటకం ‘వెనిస్ వర్తకుడు’లో యూదు వడ్డీ వ్యాపారి షైలాక్ పదే పదే పలికే ‘బాండ్’ అనే మాటకు ‘ఒప్పందం’ సరిపోతుందా అని మిత్రులు అడిగారు. పెద్దలు కొందరు దానికే మొగ్గు చూపారు. నా మనవి వేరు. ‘పత్రం’ అనాలి, నాటకం చివరిదాకా ఆ ఒక్క మాటనే మార్చకుండా వాడాలి. ఒప్పందం ఇద్దరి మధ్య ఉంటుంది, పత్రం ఒకరి చేతిలో ఉంటుంది. ఆ కాగితాన్ని పట్టుకొని షైలాక్ ఎప్పటికప్పుడు తీసుకున్న నిర్ణయాలే కథను నడిపిస్తాయి.

మొదటి నిర్ణయం వడ్డీ వదులుకోవడం. వడ్డీ పుచ్చుకుంటాడనే కారణంతో రియాల్టో బజారులో వర్తకుడు అంటోనియో చేత తిట్లు తిని, గడ్డం మీద ఉమ్మి వేయించుకున్న మనిషి, ఆ అంటోనియో పూచీ మీదనే అతని మిత్రుడు బసానియోకు మూడు నెలల గడువుకు మూడు వేల డకెట్లు (బంగారు నాణేలు) వడ్డీ లేకుండా ఇచ్చి, గడువు దాటితే అతని ఒంటి నుంచి ఒక పౌను మాంసం కోసుకునేట్టు, వేడుకకన్నట్టుగా, పత్రం రాయించుకుంటాడు. అంతకుముందే, చిక్కితే పాత పగకు కడుపునిండా మేత పెడతానని తనలో తాను అనుకున్నాడు. అయినా ఆ పత్రాన్ని అమలు చేసి తీరాలన్న పట్టుదల గట్టిపడింది మాత్రం కూతురు జెస్సికా నగలూ డబ్బూ పట్టుకొని ప్రియుడు లొరెంజోతో వెళ్లిపోయాకనే అని నా అభిప్రాయం. పెళ్లికి ముందు భార్య లియా తనకిచ్చిన ఉంగరాన్ని కూతురు ఒక కోతికి మారకం వేసిందన్న కబురూ, అంటోనియో ఓడ మునిగిందన్న కబురూ తోటి యూదుడైన ట్యూబల్ నోట ఒకేచోట వింటాడు. అక్కడికక్కడే, గడువుకు పక్షం రోజుల ముందే అంటోనియోను పట్టుకునే అధికారిని కుదిర్చిపెట్టమంటాడు.

ఆ తరువాత అంటోనియో వీధిలో ఎదురుపడినప్పుడు రెండు పాదాల్లో మూడుసార్లు ‘బాండ్’ అంటాడు. ‘నా పత్రం నాకు చెల్లాలి. నా పత్రానికి అడ్డు చెప్పకు. నా పత్రం చెల్లించుకుంటానని ఒట్టు పెట్టుకున్నాను.’ ఈ మూడు చోట్లా ‘ఒప్పందం’ పెట్టి పైకి చదివి చూడండి, ఆ సుత్తిదెబ్బ వినిపించదు.

మన ప్రామిసరీ నోట్లలో మొత్తాన్ని అంకెల్లో వేసి, పక్కనే ‘అక్షరాలా’ అని మాటల్లోనూ రాయిస్తాం. షైలాక్ నమ్ముకున్నది ఆ ‘అక్షరాలా’నే. న్యాయసభలో అప్పుకు రెట్టింపు ఇస్తామన్నా కాదంటాడు. రక్తం పోయి అంటోనియో చనిపోకుండా వైద్యుణ్ని దగ్గర ఉంచుకొమ్మని, న్యాయవేత్త వేషంలో వచ్చిన బసానియో భార్య పోర్షియా అడిగితే, అలా పత్రంలో రాసి ఉందా అని ఎదురు ప్రశ్న వేసి, వెతికి, కనబడలేదంటాడు. కాసేపటికి పోర్షియా అదే కొలతతో కొలుస్తుంది: పత్రంలో మాంసం ఉంది, రక్తపు చుక్క లేదు. ఆ తర్కాన్ని ఆమెకు అందించినవాడు షైలాకే.

ఇదే సందర్భంలో ‘ఏలియన్’ అనే మాట కూడా చూడాలి. పౌరుని ప్రాణం తీయజూసిన ‘ఏలియన్’ ఆస్తిలో సగం బాధితునికి, సగం ఖజానాకు పోతుందని, అతని ప్రాణం వెనిస్ పాలకుడైన డ్యూకు దయ మీద ఉంటుందని పోర్షియా చదివి వినిపిస్తుంది. దీన్ని ‘పరదేశి’ అనడం నాకు సమ్మతం కాదు. షైలాక్‌కు ఇల్లూ వ్యాపారమూ వెనిస్‌లోనే ఉన్నాయి. 1516 నుంచి యూదులను ఒక పేటలో ఉంచి రాత్రిపూట తలుపులు మూసిన నగరం అది. ఊళ్లోనే ఉంటూ ఊరివాడు కాలేనివాణ్ని మనం ‘పరాయివాడు’ అంటాం.

‘పత్రం’ కోసం పట్టుబట్టడానికి అసలు కారణం నాలుగో అంకంలో షైలాక్ నిష్క్రమణ. ఆస్తి జెస్సికా, లొరెంజోలకు చెందేట్టు ‘డీడ్ ఆఫ్ గిఫ్ట్’ రాయమని పోర్షియా గుమాస్తాకు చెబుతుంది. షైలాక్ తనకు ఒంట్లో బాగాలేదని, దాన్ని ఇంటికి పంపితే సంతకం పెడతానని చెప్పి వెళ్లిపోతాడు. మన రిజిస్ట్రేషన్ భాషలో దానిని దానపత్రం అంటారు. ఇంగ్లీషులో ‘బాండ్’, ‘డీడ్’ అని విడిపోయిన ఆ రెండు కాగితాలూ తెలుగులో ఒకే మాటతో ముడిపడతాయి. అప్పుపత్రం రాయించుకొని రంగం మీదికి వచ్చిన మనిషి దానపత్రానికి ఒప్పుకొని రంగం విడిచిపోతాడు.